బోర్డు మీద లేని కూర

అన్నం పరబ్రహ్మ స్వరూపం అన్నోడు ఎవరింటి అన్నాన్ని చూసి ఆ మాట అన్నాడో చెప్పలేదు. మా ఇంటి అన్నాన్ని చూసి మాత్రం అనలేదు. మా ఇంట్లో అన్నమనేదే అరుదు. జొన్న సంగటి, రాగి సంగటి, కరువు ముదిరితే కొర్రనూకల గంజి. వరి బువ్వ పండక్కి. పండగ అయిపోయినాక ఆ బువ్వ గురించే మళ్లా పండగ దాకా మాట్లాడుకునేవాళ్లమని మా నాయన చెబుతాడు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చినాక గానీ మా వాడలో రోజూ వరి బువ్వ ఉడకలేదు.

ఇదే సామెత మరాఠీలో కూడా ఉంది. అన్నం పూర్ణబ్రహ్మ అంటారు వాళ్లు. మరాఠ్వాడా రచయిత షాహూ పాటోళే తన వాళ్ల తిండి మీద 2015లో ఒక పుస్తకం రాసి, దానికి 'అన్న హే అపూర్ణబ్రహ్మ' అని పేరు పెట్టినాడు. ఒక్క 'అ' చేర్చినాడు, అంతే. ఆ ఒక్క అక్షరంలో మహారువాడ, మాంగువాడ పొయ్యిలన్నీ ఉన్నాయి. 2024లో అది ఇంగ్లీషులోకి వచ్చినాక దేశమంతా చదివింది. అందులో చెప్పిన వంటలు మనకు కొత్త కాదు. చాన్యా అంటే ఎండబెట్టిన మాంసం. మా పక్క ఎండు తునకలంటాం. రక్తి అంటే మన నల్ల. పేర్లు మారినాయి గానీ దండెం అదే, దండెం మీద ఆరేసిన తునకలూ అవే, కాకుల్ని తోలేదానికి కర్ర పట్టుకుని కూర్చున్న పిల్లోడూ వాడే.

ఆ పుస్తకం గురించి నేను విన్నది నాగపూరులో. అక్టోబరులో దీక్షాభూమికి పోయినాం, మా సంఘం వాళ్లం ఏడుగురం. 1956 అక్టోబరు 14న అంబేడ్కర్ లక్షల మందితో కలిసి బౌద్ధం తీసుకున్న నేల అది. మన రెండు రాష్ట్రాల నుంచి ఏటా చానామంది పోతారు. ఒక పూట అక్కడే నేల మీద బారుగా కూర్చుని, ఎవరెవరో పెట్టిన అన్నం తిన్నాం. పెట్టినోళ్లు మమ్మల్ని ఏమీ అడగలేదు, మేమూ వాళ్లను అడగలేదు. అడగాల్సిన పని లేదు, అక్కడ అందరికీ అందరూ తెలుసు. రెండో పూట మాలో ఒకాయన, "మరాఠీ వంట ఎట్లుంటాదో హోటల్లో తిని చూస్చాం పాండి" అన్నాడు. 'పారంపరిక మరాఠీ భోజనం' అని బోర్డు ఉన్నచోట దూరినాం.

తట్టలో జొన్న భాకరి పెట్టినారు. పక్కన శనగపిండితో ఉడికించిన పిఠ్లా, పచ్చి మిరపకాయలు తెల్లగడ్డలు కచ్చాపచ్చాగా నూరిన ఠేచా, మొలకల ఉసళ్, వంకాయ కూర. చివర్లో పూరణ్ పోళీ. చూస్తా ఉంటే మాకు నవ్వొచ్చింది. భాకరి అంటే మా జేజి అరచేత్తో తట్టిన జొన్న రొట్టె. ఠేచా అంటే మా రోట్లో కారెం. పూరణ్ పోళీ అంటే మన ఓలిగ. కోస్తావాళ్లు బొబ్బట్టంటారు. ఇంత దూరం రైలెక్కి వచ్చి, మా ఇంటి కూడే దుడ్లు పెట్టి తింటా ఉన్నాం. కానీ రుచి బాగుంది, అబద్ధం ఎందుకు చెప్పాల.

హోటలాయన గల్లా దగ్గర నుంచి లేచొచ్చి హిందీలో గొప్పగా చెప్పినాడు. ఇది మా పల్లెల తిండి, తాతల నాటిది, మట్టి తిండి అని. మాలో కుర్రోడొకడు ఉండబట్టలేక "చాన్యా ఉందా?" అన్నాడు. ఆయన ముఖం ఒక్క క్షణం ఆగింది. "అది ఇక్కడ దొరకదు" అన్నాడు. ఆ తర్వాత మా బల్ల కాడికి భాకరి రెండోసారి రాలేదు. కావాలని చేసినాడో, రద్దీలో మర్చిపోయినాడో నేను చెప్పలేను. ఇట్లాంటివి రుజువు కావు. రుజువు కాకపోవడమే వాటి బలం.

నన్ను పట్టుకున్న ప్రశ్న అది కాదు. పల్లె తిండి అన్నాడు కదా ఆయన. పల్లె యాడికి దాకా? ఊరి చివరి ఇంటి దాకానా, ఆ ఇంటి అవతల వంక దాటితే వచ్చే మా వాడ దాకానా? 'సంప్రదాయ వంట' అని బోర్డు రాసేవాడు ఎవరి సంప్రదాయం రాస్తా ఉన్నాడు, ఎవరిది చెరిపేస్తా ఉన్నాడు? ఇది నాగపూరు హోటలాయనతో తేలే తగువు కాదు. మా గడ్డ మీద అడగాల్సిందే.

మా గడ్డ అంటే గండి. పాపాగ్ని నది కొండను చీల్చుకుని బయటపడే చోటు. ఈ పక్క వేంపల్లె, ఆ పక్క పులివెందుల. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు కొంచెం ఎడం. బంగారం, బట్టల వ్యాపారం చూసి ప్రొద్దుటూరును రెండో బొంబాయి అంటారు. కాబట్టి మరాఠీ హోటలు గురించి మాట్లాడే హక్కు మాకూ కొంచెం ఉందనుకోండి. గండిలో ఒక కథ చెబుతారు. సీతను వెతుకుతా పోయే రాముణ్ణి వాయుదేవుడు తన ఆతిథ్యానికి పిలిచినాడంట. తిరుగు దోవలో వస్తానని రాముడు మాట ఇచ్చినాడంట. ఆయన వచ్చేనాటికి రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టినారంట. పుణ్యాత్ములకు అది ఇప్పటికీ కనిపిస్తాదంట. దొర మన్రో చనిపోయే ముందు దాన్ని చూసినాడని కూడా చెబుతారు. శ్రావణ మాసం శనివారాల్లో ఇసకేస్తే రాలనంత జనం. మా చిన్నప్పుడు ఈ కథ వింటా ఉంటే నాకు బంగారం మీదికి మనసు పోయేది కాదు. కూటికి పిలిస్తే తోరణం కట్టి పిలవొచ్చా అని ఆశ్చర్యం. మమ్మల్ని కూటికి పిలిచినోళ్లు కల్లం కాడ నిలబడి, "ఒరేయ్, గంప పట్టుకోని రా" అని పిలిచినోళ్లే.

ఇప్పుడు ఈ దోవల పొడుగునా సంగటి హోటళ్లు. రాగి సంగటి, నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరిమిండి, తలకాయ కూర. గండికోట చూడను వచ్చే బెంగుళూరు కార్లు ఈ బోర్డుల ముందే ఆగుతాయి. హైదరాబాదులో ఇదే సంగటి ఏసీ గదుల్లో తింటారు. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరమంది. అదే ఏడు బడ్జెట్ ప్రసంగంలో కేంద్రం ఈ గింజలకు 'శ్రీ అన్న' అని పేరు పెట్టింది. గింజకు శ్రీ పెట్టినారు. ఆ గింజ తిని బతికిన మనిషిని ఇప్పటికీ ఒరే అనే పిలుస్తా ఉన్నారు. నేను బడికి పోయేటప్పుడు సంగటి ముద్దను గుడ్డలో చుట్టి, ఎవరికీ కనపడకుండా వేపచెట్టు వెనక తినేవాణ్ణి. వరి బువ్వ తెచ్చుకున్న పిల్లోళ్లు నవ్వేవాళ్లు. ఇప్పుడు నేను పంతులుగా ఉన్న బళ్లో పిల్లోళ్లకు సర్కారోళ్లు ఇచ్చే రాగిజావ 2023 మార్చిలో మొదలైంది. మధ్యాహ్న భోజనానికి ఈ పదేళ్లలో పేర్లు మారినాయి గానీ వండే ఆడోళ్ల జీతం గురించి మాట్లాడినోళ్లు తక్కువ. ఆ సంగతి ఇంకో వ్యాసం.

సంగటి పైకెక్కింది, సంతోషమే. కానీ మాతో పాటు ఎక్కలేదు. మమ్మల్ని కిందనే వదిలి తాను ఒక్కటే ఎక్కింది.

నాకు మొదటి జీతం వచ్చినప్పుడు మా జేజిని అట్లాంటి ఒక హోటలుకు తీసుకపోయినాను. ఆమె పుట్టి బుద్ధెరిగినాక హోటల్లో కూర్చుని తిన్నది లేదు. ఆమె కాలంలో మా ఊరి టీ అంగట్లో మాకు వేరే గ్లాసు. దడికి దోపి ఉండేది. తాగినాక మనమే కడిగి మళ్లా దోపాల. ఆమె హోటల్లో బెంచీ అంచు మీద కూర్చునింది, ఎవరైనా లెమ్మంటే లేచేదానికి తయారుగా. రెండు ముద్దల సంగటి, నాటుకోడి పులుసు తెప్పించినాను. ఒక ముద్ద తిని, "ఒరే అబ్బోడా, సంగటిలో బియ్యం జాస్తి ఏసినారు" అనింది. పొయ్యి కాడ ఆమెను గెలిచేవాళ్లు లేరు. తినడం అయిపోయినాక తట్ట చేతిలోకి తీసుకుని లేచింది. "యాడ కడగాల నాయనా?" అని అడిగింది, వడ్డించే కుర్రోణ్ణి. వాడికి ఇరవై ఏండ్లు ఉండవు. "ఈడ పెట్టేయవ్వా, మేం కడుక్కుంటాంలే" అన్నాడు. ఆమె నా ముఖం చూసింది. నేను తల ఊపినాక పెట్టింది. కానీ బయటికి వచ్చేదాకా వెనక్కి తిరిగి ఆ తట్టనే చూస్తా వచ్చింది.

ఆ కుర్రోడు మంచోడు. అందులో సందేహం లేదు. కానీ వాడు ఆ మాట ఎవరితో అన్నాడు? ఒక ముసలామెతో అన్నాడు. ఆమె ఏ వాడ నుంచి వచ్చిందో వాడికి తెలవదు. తెలిసినా అదే మాట అనేవాడా? బహుశా అనేవాడు. బహుశా అనేవాడు కాదు. హోటలనేది ఈ 'బహుశా' మీదనే నడిచే వ్యాపారం. అక్కడ మనందరం ఒకే బల్ల మీద తింటాం. ఎందుకంటే ఎవరెవరమో ఒకరికొకరికి తెలవదు. వంటింట్లో ఎవరు వండినారో కూడా తెలవదు. దీన్నే కొందరు సమానత్వం అంటారు. పట్నం వచ్చింది, బస్సు వచ్చింది, హోటలు వచ్చింది, కులం పోయిందంటారు. తెలియకపోవడం సమానత్వం ఎట్లయితాది?

అంబేడ్కర్ విదేశాల్లో చదువుకుని బరోడా కొలువుకు వచ్చినప్పుడు బస దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు చెప్పుకుని, రోజుకు రూపాయిన్నర ఇచ్చి ఉన్నాడు. ఆయన ఎవరో తెలియనంత కాలం ఆ సత్రం ఆయనకు బువ్వ పెట్టింది. తెలిసిన రోజు కర్రలు పట్టుకుని వచ్చినారు. ఇచ్చిన రూపాయిన్నర మారలేదు. మనిషి మారలేదు. తెలియడం ఒక్కటే జరిగింది. చదువుకునే పిల్లలు ఈ సంగతిని ఆయన కష్టాల్లో ఒకటిగా చదివి వదిలేస్తారు. నాకు అది హోటలు గురించి రాసిన సిద్ధాంతంలాగా కనిపిస్తాది. 1936లో 'కుల నిర్మూలన' రాసినప్పుడు సహపంక్తి భోజనాలతో కులం చావదని ఆయన చెప్పింది కూడా ఊరికే కాదు. కలిసి తిని, చేతులు కడుక్కుని, ఎవరి ఇంటికి వాళ్లు పోయి, ఎవరి కులంలో వాళ్లు పిల్లనిచ్చుకోవచ్చు.

చట్టం లేదా అంటే ఉంది. రాజ్యాంగం 15వ అధికరణం హోటళ్ల పేరెత్తి చెప్పింది. 1955 చట్టం ఇంకా కిందికి దిగి, హోటల్లోని పాత్రలు వాడుకోనీయకపోవడం కూడా నేరమంది. అంటే మా జేజి గ్లాసు చట్టం దాకా పోయింది. పోయినా కూడా ఎన్నో ఊర్లలో ఆ గ్లాసు దడి మీదనుంచి దిగలేదు. ఇప్పుడు ప్లాస్టిక్ గ్లాసులు వచ్చినాయి. అందరూ తాగి పారేస్తారు. కులాన్ని దించలేక గ్లాసునే పారేసినాం.

చట్టానికి అందని చోటు ఒకటుంది. అది మధ్యాహ్నం స్టాఫ్ రూము. నేను పనిచేసిన ఒక బళ్లో మేం ఎనిమిదిమంది పంతుళ్లం. గంట కొట్టినాక క్యారియర్లు విప్పుతారు. ఈ సారు వంకాయ ఆ టీచర్ గిన్నెలోకి, ఆమె గోంగూర ఈయన గిన్నెలోకి పోతాది. నా మూత తీసేసరికి ఒకాయనకు శనివారం, ఒకామెకు కడుపు ఉబ్బరం, ఇంకొకాయనకు అప్పుడే ఫోను. "మీ ఇంట్లో పప్పు బాగుంటాదంట కదా సార్" అన్నారు, చాలాసార్లు. అది ఎవరు తిని చెప్పినారో నాకు ఇప్పటికీ తెలవదు. ఈ మనుషులే నాతో కలిసి గండికోట విహారానికి వచ్చినప్పుడు దోవలో సంగటి హోటలు కాడ దిగి, వేళ్లు నాక్కుంటా తిన్నారు. నేను కూడా పక్కనే కూర్చుని తిన్నాను. ఆ సంగటి గెలికినామె ఏ వాడనుంచి వచ్చి ఉంటాదో నాకు చేతుల తీరు చూస్తేనే తెలుస్తా ఉంది. వాళ్లు వంటింటి వైపు చూడలేదు. నా క్యారియర్‌లో పప్పుకు పేరుంది. హోటలు కుండకు పేరు లేదు.

అందుకని నేను అడిగే ప్రశ్న ఇది. నేను మీ హోటల్లో తినగలనా అనేది పాత ప్రశ్న. దానికి చట్టం సగం జవాబు చెప్పింది, డబ్బు మిగతా సగం చెప్పింది. నేనెవరో తెలిసి, వండింది మా అమ్మేనని తెలిసి, నా గిన్నెలో చెయ్యి పెట్టగలరా మీరు?

తెలిసి తాగినోడు ఒకడున్నాడు. కొల్హాపూరులో గంగారాం కాంబ్లే అనే మహారు, శాహూ మహారాజు గుర్రపు సాలలో పనివాడు. అంటరానోడు నీళ్లు ముట్టినాడని తోటి పనివాళ్లు ఒళ్లు హూనం చేసినారు. మహారాజు వాళ్లను శిక్షించి, ఇతన్ని సొంతంగా ఏదైనా పెట్టుకోమన్నాడు. గంగారాం టీ హోటలు పెట్టినాడు. హోటలైతే శుభ్రంగా ఉంది, టీ బాగుంది, మనుషులే రాలేదు. ఎందుకంటే ఎవరి హోటలో అందరికీ తెలుసు. అప్పుడు శాహూ తన బండి ఆ అంగడి ముందు నిలిపి టీ తెప్పించుకుని తాగినాడు. పక్కనున్న పెద్దపెద్దోళ్లతో కూడా తాగించినాడు. 1922లో చనిపోయిన ఆ రాజు చేసిన పనుల్లో రిజర్వేషన్ల సంగతి అందరికీ తెలుసు. నాకు ఆ టీ సంగతి ఇంకా పెద్దదనిపిస్తాది. కాకపోతే ఒక చిక్కు కూడా ఉంది. మహారాజు తాగితే గానీ అమ్ముడుపోని టీ అంటే, రాజు లేని ఊర్లో గంగారాం గతి ఏంది?

బోర్డుల గురించి కూడా చెప్పాల. 1957లో మద్రాసు తిరువల్లిక్కేణిలో ఒక హోటలు బోర్డు మీద 'బ్రాహ్మణ' అనే మాట తీసెయ్యాలని పెరియార్ మనుషులు నెలల తరబడి పికెటింగు చేసి జైళ్లకు పోయినారు. ఒక్క మాట కోసం. ఇప్పుడు మన రోడ్ల మీద చూడండి. రెడ్డిగారి వంట, నాయుడుగారి కుండ, రాజుగారి పులావు. ఎవరూ పికెటింగు చెయ్యడం లేదు. అది రుచికి గ్యారంటీ అనుకుంటారు. మాదిగోళ్ల సంగటి, మాలోళ్ల పులుసు అని బోర్డు మీరు ఎక్కడైనా చూసినారా? నేను చూడలేదు. 2016లో చంద్రభాన్ ప్రసాద్ ఢిల్లీలో 'దళిత్ ఫుడ్స్' అని పేరు పెట్టి కారం, పసుపు, పచ్చళ్లు అమ్మకానికి పెట్టినాడు. మన చేతి కారం తెలిసి కొంటారా అని ఆయన లోకాన్ని అడిగినట్టే లెక్క. మా పక్క ఆ పరీక్ష ఇంకా ఎవరూ పెట్టలేదు.

ఇక పెద్దకూర. దీని దగ్గర మనలో మనకే తగువు. 1927లో మహద్ సభలో అంబేడ్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానండి, ఎంగిలి కూడు మానండి అని చెప్పినాడు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో విద్యార్థులు పెద్దకూర పండగ చేసినారు. గొడవలయినాయి, దెబ్బలు తగిలినాయి. అంబేడ్కర్ మానమన్నదాన్ని ఆయన పిల్లలు పండగ చేయడమేందని మా నాయనలాంటోళ్లు బాధపడతారు. మా నాయన చచ్చిన గొడ్డును మోసినోడు. అది ఎట్టి. ఊర్లో గొడ్డు చస్తే కబురొస్తాది, పోయి ఈడ్చుకుని రావాల. తోలు వలిచి కపిల బాన కుట్టి ఇయ్యాల. ఆ బానతో తోడిన నీళ్లతో ఊరి మళ్లు పారతాయి, కానీ ఆ బాయి గట్టు మనం ఎక్కకూడదు. ఆ మాంసం జీతం కింద వచ్చిన మాంసం. దాన్ని మానమన్నాడు బాబాసాహెబు. ఈ బతుకు మానమని ఆ మాటకు అర్థం. ప్రొద్దుటూరు అంగట్లో నా జీతం పెట్టి నేను కొనుక్కునే ఎనుము కూర అది కాదు. ఇది ఎవరూ నాకు విసిరేసింది కాదు. రెండూ ఒకటే కూర అనేవాళ్లు గిన్నెలోకి చూస్తా ఉన్నారు గానీ చేతిలోకి చూడటం లేదు. విద్యార్థుల పండగను నేను సమర్థిస్తాను. అయితే మా నాయన బాధను ఎగతాళి చేసేవాణ్ణి మాత్రం సమర్థించను. ఆ వాసన ఆయనకు వేరే జ్ఞాపకం తెస్తాది. ఆయన మానుకోవడంలో కూడా ఆత్మగౌరవం ఉంది.

2015లో మహారాష్ట్రలో ఎద్దును కొయ్యడం కూడా నేరమైంది. అదే ఏడు పాటోళే పుస్తకం వచ్చింది. ఒక చేత్తో కూరను నేరం చేస్తా ఉంటే, ఇంకో చేత్తో ఒకాయన దాని వండే విధానం రాసి దాచిపెట్టినాడు.

మా తమ్ముడు ఇప్పుడు వేంపల్లె నుంచి గండికి పోయే దోవలో చిన్న హోటలు పెడతా ఉన్నాడు. రేకుల కొట్టం, నాలుగు బల్లలు. వండేది మా మరదలు, అమ్మ. మామూలు రోజుల్లో సంగటి, నాటుకోడి, ఊరిమిండి. శ్రావణ శనివారాల్లో పప్పూ బువ్వ మాత్రమే. భక్తులొచ్చే దోవ, దాని మర్యాద దానికి ఉంది, మాకు తెలుసు. చిక్కంతా బోర్డు కాడ వచ్చింది. మా ఇంటిపేరు రాస్తే ఈ చుట్టుపక్కల పది ఊర్లకు మేమెవరమో తెలిసిపోతాది. రాయకపోతే హోటలు నడుస్తాది.

"అంబేడ్కర్ ఫోటో గల్లా మీద పెట్టుకుంటా, పేరు కూడా రాస్తా, ఇష్టమున్నోడు తింటాడు" అన్నాడు తమ్ముడు.

"ఫోటోకు ఎవడూ దుడ్లియ్యడు రా. అప్పు తెచ్చినావు, మొదట అప్పు తీరనీ" అన్నాడు నాయన.

మా మరదలు మాత్రం, "వండేది నేను. నన్నడగండి" అనింది. అప్పటిదాకా ఆమెను ఎవరూ అడగలేదు. ఏం రాయాలని అడిగితే, "నా పేరు రాయండి, ఇంటిపేరు వద్దు, మొగుని పేరూ వద్దు" అనింది. ఆమె పేరు చూసి కులం చెప్పడం కష్టం. కనుక నాయనకు సరిపోయింది. ఆడమనిషి పేరు బోర్డు మీద ఎక్కుతాది కనుక తమ్ముడూ ఎదురు చెప్పలేదు. ఇది గెలుపా, దాక్కోవడమా అని నేను రెండు రోజులు ఆలోచించినాను. ఫోటో సంగతి ఇంకా తేలలేదు. ఫ్లెక్సీ అచ్చేసేవాడు అడ్వాన్సు తీసుకున్నాడు. వచ్చే వారం బేస్తవారం తెచ్చిస్తానన్నాడు.